కత్తి మొద్దుబారే దాకా

మా లంకల్లో భద్రాచారి చేసిన కత్తికి ఒక్కసారి పదును పెడితే చాలు. కొన్నవాడు పోయి, వాడి కొడుకు చేతికర్ర పట్టుకుని నడిచే రోజులొచ్చినా దానికి మళ్లీ సానరాయి చూపించక్కర్లేదు. ఇది విన్నమాట కాదు, నేను కళ్లారా చూసింది. ఒకరోజు ఆయన కొలిమి అరుగు మీద కొత్త కత్తి ఒకటి అంచు పైకి పెట్టి ఉంది. ఎక్కణ్ణించో ఈగ వచ్చి దాని మీద వాలింది. వాలినప్పుడు ఒక ఈగే. లేచినప్పుడు రెండు సగాలు చెరోవైపుకీ ఎగిరిపోయాయి. ఏదో జరిగిందన్న అనుమానమైనా వాటికి ఉన్నట్టు లేదు.

అలాంటి కత్తి ఒకటి నూకరత్నం చేతికొచ్చింది. చేతికొచ్చినంత తేలిగ్గా చెయ్యి జారిపోయింది. దాన్ని మళ్లీ రాబట్టుకోవడానికి ఆవిడ పడ్డ పాట్లే ఈ కథ.

కొండేటిలంక మార్కెట్టు గేటు పక్కన, రేకుల నీడలో గోనెపట్టా పరుచుకుని కూర్చునే నూకరత్నాన్ని ఎరగనివాళ్లు ఆ చుట్టుపక్కల పెళ్లి భోజనం చెయ్యనివాళ్లే. ఆవిడ పని పనసపొట్టు కొట్టడం. లేత పనసకాయకి ముళ్లతొక్క చెక్కేసి, చేతికీ కత్తికీ నూనె రాసుకుని, ఎడంచేత్తో కాయని తిప్పుతూ కుడిచేత్తో టకటకా కొట్టుకుంటూ పోతే, పక్కనే కూర్చుని ఎవరో కొబ్బరి కోరుతున్నట్టు పొట్టు రాలుతుంది. మాఘం, ఫాల్గుణం ఆవిడకి కోతల కాలం లాంటివి. పెళ్లివారందరికీ పొట్టు కావాలి, అదీ తెల్లారేసరికి కావాలి.

చిక్కల్లా కత్తితోనే. లారీ కమానుపట్టీ సాగగొట్టి చేసిన కత్తి ఆవిడది. రెండు కాయలు కొట్టేసరికి పనసపాలు అంటుకుని, అంచు తిరిగి, కొయ్యముక్కలా తయారవుతుంది. మళ్లీ రాయి మీద రుద్దాలి, మళ్లీ కొట్టాలి, మళ్లీ రుద్దాలి. ఆ ఏడు మణికట్టు వాచి, రాత్రి గిన్నె ఎత్తలేకపోయే పరిస్థితి వచ్చేసరికి ఆవిడ భద్రాచారి కొలిమికి వెళ్లింది.

"ఆచారిగారూ, కాయలు కొట్టి చెయ్యి నొప్పెట్టట్లేదండి. రాయి మీద రుద్ది రుద్ది నొప్పెడతంది. మొద్దుబారని కత్తి కావాలండి నాకు."

భద్రాచారి అణకువ గల మనిషి అని ఎవరూ అనలేదు, ఆయన అనిపించుకోవాలని చూడనూ లేదు. "మొద్దుబారే కత్తయితే ఎవడన్నా చేస్తాడు రత్నం. మొద్దుబారనిది కావాలి గనకే నా గుమ్మం తొక్కావు" అన్నాడు.

మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ వర్కుషాపులో ఇనపకడ్డీలు కోసిన మిషను రంపం బద్ద ఒకటి పాతసామాన్లవాడి బండి మీంచి ఆయన దగ్గరకి వచ్చి ఉంది. దాన్ని కొలిమిలో పెడితే మెత్తబడనంది. సుత్తితో కొడితే సుత్తికి సొట్టపడింది. చివరికి వెల్డింగు షాపులో తిరిగే చక్రానికి ఆనించి, నిప్పురవ్వలు వీధిలోకి చిమ్ముతుండగా రోజంతా నూరితే కత్తి ఆకారం వచ్చింది. అప్పటికి చక్రం అరిగి అప్పచ్చంత అయింది. ఈ చక్రం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

భద్రాచారి ఎడమ ముంజేయి ఎప్పుడూ తామరాకులా నున్నగా ఉంటుంది. ఏ కత్తి చేసినా పరీక్ష దాని మీదే. కొత్త కత్తిని ముంజేతి మీద అలా ఆనించి లాగితే వెంట్రుకలు ఊదితే పోయే దుమ్ములా లేచిపోవాలి. ఆ రోజు ఎడంచేతి మీద మిగల్లేదని కుడిచేతి మీద చూసుకుని, "తీసుకెళ్లు. దీనికి రాయి చూపిస్తే నా మీద ఒట్టే" అని ఇచ్చాడు.

నిజంగానే చూపించక్కర్లేకపోయింది. పొద్దున్న మొదలెట్టిన కత్తి సాయంత్రానికి కూడా అదే పదునుతో పోతోంది. నూకరత్నం మణికట్టు వాపు తీసింది. ఆవిడ పని చేసుకుంటూ కూనిరాగం తీయడం మార్కెట్టులో జనం అప్పుడే మొదటిసారి విన్నారు. పీటలవారి పెళ్లికీ, సంతవారి పెళ్లికీ, ఇంకా ఎవరెవరికో మాట కూడా ఇచ్చేసింది.

మార్కెట్టుకి ఎదురుగా, నల్లరాతి మెట్లతో, పెద్ద బోర్డుతో, పదును పరిరక్షణ మండలి భవనం ఉంది. దేశంలో కత్తులూ కొడవళ్లూ కత్తెరలూ ఏటా ఎంతెంత పదును నష్టపోతున్నాయో అంచనా వేసి, ఆ నష్టాన్ని అరికట్టడం ఆ మండలి ధ్యేయం. భవనం కట్టారు, కుర్చీలు కొన్నారు, మనుషుల్ని వేశారు. నష్టపోవడానికి తగిన పదునే ఇంతవరకూ వారి కంటబడలేదు. సంచాలకులు వేమవరపు సర్వోత్తమరావుగారు ఆ దిగులుతోనే ఒక సాయంత్రం పనసపొట్టు కొనుక్కుందామని గేటు దగ్గర ఆగారు.

ఆగి, కాసేపు చూసి, "ఏమమ్మా, ఇందాకటి నుంచి గమనిస్తున్నాను. నీవు ఒక్కసారీ సానపట్టలేదు" అన్నారు.

"అక్కర్లేదండి బాబూ. పొద్దున్నించీ ఇదే పదునండి."

"అనగా, ఈ కత్తియందు పదును నిలుపుదల ఉన్నదన్నమాట."

"ఏముందో నాకు తెల్దండి. తెగుతుంది, అంతే."

సర్వోత్తమరావుగారి మొహంలోకి పెళ్లికొడుకు కళ వచ్చింది. జేబులోంచి రుమాలు తీసి, కత్తిని దానిలో చుట్టి, రెండు చేతులతో పట్టుకున్నారు. "ప్రజాప్రయోజనం దృష్ట్యా ఈ కత్తిని మండలి పరిశీలన నిమిత్తం స్వాధీనపరచుకోవడమైనది."

నూకరత్నం ఒక చేతిలో కాయ, ఇంకో చేతిలో ఏమీ లేకుండా ఉండిపోయింది. "అదేటండీ బాబూ, కాయ సగంలో ఉంది. నాకు పెళ్లిళ్లున్నాయండి. మళ్లీ ఎప్పుడిత్తారు?"

"పదును ఎంతకాలం నిలుస్తుందో తేలగానే. కత్తి మొద్దుబారిన మరుక్షణం నీ కత్తి నీకు అప్పగించబడుతుంది. మండలి మాట ఇస్తున్నది."

ఆ మాట నూకరత్నానికి సబబుగానే తోచింది. ఆఫీసంటే మనుషులుంటారు, మనుషులుంటే వంటలుంటాయి, రెండు వారాలు ఏదో ఒకటి కోస్తారు, ఎంత గొప్ప కత్తయినా కాస్త మందగిస్తుంది, ఇచ్చేస్తారు. అలా అనుకుని సగం కాయని మళ్లీ కమానుపట్టీ కత్తితో కొట్టడం మొదలెట్టింది.

రెండు వారాల తర్వాత మండలికి వెళ్లింది. సంచాలకులవారు కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. గది మధ్యలో గాజుపెట్టె, గాజుపెట్టెలో ఎర్ర మఖమలు దిండు, దిండు మీద నూకరత్నం కత్తి పెళ్లిపీటల మీద కూర్చున్నంత దర్జాగా పడుకుని ఉంది.

"ఏం కోశారండీ దాంతో?" అంది నూకరత్నం.

"కోయడమా?" సర్వోత్తమరావుగారు ఉలిక్కిపడ్డారు. "కోస్తే పదును పోదూ?"

"పోవాలనే కదండీ పెట్టుకున్నారు."

"పోతుందో లేదో చూడాలని పెట్టుకున్నాం. పోగొట్టడం మండలి పరిధిలోకి రాదు. పదును పరిరక్షణ మండలే పదును పోగొడితే ప్రజలు ఏమనుకుంటారు?"

"మరి కొయ్యకుండా ఎలా మొద్దుబారుతుందండీ?"

"అదే మేమూ ఆసక్తిగా గమనిస్తున్నాం" అన్నారు సంచాలకులు.

నూకరత్నం అప్పటికి గ్రహించింది, తన కత్తి ఎంత బాగుంటే తనకి అంత దూరమని. లోకంలో అందరూ కత్తి పదునుగా ఉండాలని కోరుకుంటారు. ఆవిడ ఒక్కతే తన కత్తి మొద్దుబారిపోవాలని అమ్మవారికి మొక్కుకుంది.

మరి పదును ఉందో పోయిందో తెలిసేదెలా? మండలి వారు దీని మీద సమావేశం పెట్టి, భద్రాచారిని పిలిపించి, ఆయన నున్నటి ముంజేతిని నలుగురూ భూతద్దంలో చూసి, అదే శాస్త్రీయమైన పద్ధతి అని తీర్మానించారు. ప్రతి సోమవారం కత్తితో ముంజేతి వెంట్రుకలు గీయాలి. లేచిపోతే పదును ఉన్నట్టు. పీకితే పోయినట్టు.

మండలిలో బుల్లబ్బాయి అనే అటెండరు ఉన్నాడు. పింఛనుకు దగ్గరపడ్డ మనిషి. చేతులకి బొచ్చు ఎంతంటే, పొట్టిచేతుల చొక్కా తొడుక్కున్నా పొడుగుచేతులది తొడుక్కున్నట్టుంటుంది. పుట్టినప్పటి నుంచీ దానికి సిగ్గుపడుతూ బతికినవాడు ఆ సోమవారం నుంచి రోమ సహాయకుడయ్యాడు. దానికి తగిన భత్యం, కూర్చోడానికి బల్ల, చేతులకి రాసుకోడానికి మండలి ఖర్చుతో కొబ్బరినూనె. సోమవారం పొద్దున్న ఆయన చెయ్యి చాపితే సంచాలకులవారు స్వయంగా కత్తి లాగేవారు. వెంట్రుకలు లేచిపోయేవి. గుమాస్తాలు చప్పట్లు కొట్టేవారు.

అంత అడివి ఉన్నా నరుకుతూ పోతే ఎంతకాలం వస్తుంది? ఒక సోమవారం బుల్లబ్బాయి చేతులు రెండూ భద్రాచారి చెయ్యిలా అయిపోయాయి. మండలి ఉలిక్కిపడింది. ఉద్యోగులెవరూ ముందస్తు అనుమతి లేకుండా గడ్డం గీసుకోరాదని ఉత్తర్వు వెలువడింది. బొచ్చు దండిగా ఉన్న సిబ్బందిని తాత్కాలికంగా ఇవ్వవలసిందిగా నీటిపారుదల వారినీ, పశువైద్యశాల వారినీ కోరారు. పశువైద్యశాల వారు అపార్థం చేసుకుని ఎలుగుబంటి ఒకటి ఉందేమో కనుక్కుంటామని జవాబిచ్చారు.

నూకరత్నం బుల్లబ్బాయిని మార్కెట్టులో పట్టుకుంది. ఆవిడ మణికట్టు మళ్లీ వాచి ఉంది, గుడ్డ చుట్టుకుని ఉంది.

"బుల్లబ్బాయి బావా, ఒక్క ఉపకారం చెయ్యవా. వచ్చే సోమారం కత్తి ఆనించగానే అబ్బా అను. అంతే. నా కత్తి నాకొచ్చేస్తుంది."

బుల్లబ్బాయి నున్నటి చేతులు నిమురుకున్నాడు. "ఎంత మాటన్నావు రత్నం. ఆ కత్తి మొద్దుబారితే నేను మళ్లీ నీళ్ల గ్లాసులు అందించుకోవాలి. మా ఇంటిది మొన్నటిదాకా నన్ను ఎలుగుగొడ్డనేది. ఇప్పుడు రోమ సహాయకుడుగారూ భోజనానికి రండి అంటంది."

"నీ భోజనం కోసం నా చెయ్యి పడిపోవాలా?"

"మెల్లిగా మొలుత్తున్నాయిలే. ఫాల్గుణం ఆఖరికి ఒక పంట వత్తుంది. అప్పుడు చూద్దాం."

ఆవిడ అక్కణ్ణించి కొలిమికి వెళ్లింది. "ఆచారిగారూ, మీరు చేసిన కత్తే కదా. మొద్దుబారిందని మీరు ఒక్క ముక్క చెప్పారంటే వాళ్లింక మాట్టాడరండి."

భద్రాచారి తిత్తి వూదడం ఆపి ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "నా కత్తి మొద్దుబారిందని నా నోటితో చెప్పాలా? ఆ మాట అడగడానికి నీకు నోరెలా వచ్చింది? ఇప్పుడు జిల్లా మొత్తం ఆ కత్తి గురించే మాట్లాడుకుంటోంది. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి నా చెయ్యి చూసిపోతున్నారు."

"ఆళ్లు చెయ్యి చూసి పోతున్నారు. నాకు చెయ్యి పోతంది."

"కళ కోసం కొంత కష్టపడాలి రత్నం" అన్నాడు భద్రాచారి, కష్టపడేది తను కాదు గనక.

ఈలోగా మండలి వారి ఉత్సాహం గాజుపెట్టెలో ఇమడలేదు. ఒక్క కత్తి ఇంతకాలం పదును నిలుపుకుందంటే, మార్కెట్టులోని కత్తులన్నీ ఎందుకు నిలుపుకోకూడదు? కొండేటిలంకని పదును నష్టం లేని మొదటి ఊరుగా తీర్చిదిద్దాలని సంకల్పించారు. ప్రతి వర్తకుడూ తన కత్తిని శుభ్రమైన గుడ్డలో చుట్టి, మండలి ముద్ర వేయించుకుని, దాచుకోవాలి. నెల తర్వాత విప్పి చూస్తారు. పదును తగ్గనివారికి ఇత్తడి బిళ్ల ఇస్తారు. తగ్గినవారికి కత్తి ఉంచుకునే అర్హత పోతుంది.

కొబ్బరిబొండాలవాడు బొండాన్ని నిండుగా చేతికిచ్చి మండలి భవనం మూలకేసి చూపించడం మొదలెట్టాడు. జనం ఆ మూలకేసి కొట్టుకుని తాగేవారు. చేపలమ్మే మంగతాయారు చేపని తోకపట్టుకుని ఇచ్చేసి, "ఎలా కోసుకుంటారో మీ ఇట్టం, ఇంటికెళ్లేదాకా ప్రాణముంటే మాత్రం నాకు తిరిగిచ్చెయ్యండి" అనేది. కోళ్లబండివాడు కోడిని ముక్కలుగా ఇవ్వలేక సాంతం ఇస్తే, రెండిళ్లలో పిల్లలు దాన్ని పెంచుకోవడం మొదలుపెట్టారు. సెలూను సత్యంబాబు కత్తికి కూడా ముద్ర పడింది గనక ఊళ్లో మగాళ్లందరికీ గడ్డాలు పెరిగాయి. దీంతో మండలికి వెంట్రుకల కొరత తీరిపోయింది. ప్రతి సోమవారం ఎవరో ఒకరి గడ్డం మీద కత్తి లాగేవారు. ఒక పథకం ఇంకో పథకానికి ఇంత చక్కగా తోడ్పడటం తన ఉద్యోగ జీవితంలో చూడలేదని సర్వోత్తమరావుగారు ఆనందపడ్డారు.

తర్వాత సానరాళ్ల మీద పడ్డారు.

నూకరత్నం రాయి చదునుగా, మధ్యలో పల్లంపడి, అరచెయ్యిలా ఉండేది. దాన్ని బుల్లబ్బాయే వచ్చి ఎత్తుకెళ్లాడు. ఆవిడ వెంటపడి మండలికి వెళ్లింది. సంచాలకులవారు మళ్లీ కుర్చీ వేయించారు.

"నా కత్తి పట్టుకెళ్లారు, ఊరుకున్నాను. రాయేం చేసిందండీ?"

"సానరాయి ఉంచుకోవడమంటే పదును పోతుందని ముందే అనుమానించడం. అనుమానం పథకం స్ఫూర్తికి విరుద్ధం."

"మరి పాత కత్తి మొద్దుబారితే దేంతో రుద్దుకోనండీ?"

"మొద్దుబారనివ్వకు."

"కొడితే మొద్దుబారుతుందండి బాబూ."

"అయితే కొట్టకు" అన్నారు సర్వోత్తమరావుగారు, దయగానే. "చూడమ్మా, ఈ పథకం కింద అందరికన్నా ముందు ఇత్తడి బిళ్ల అందుకునే అవకాశం నీకే ఉంది. కత్తి నీది, కీర్తి నీది."

"పెళ్లివారికి ఇత్తడి బిళ్ల వండిపెట్టనా?"

ఆ విషయం మండలి పరిశీలనలో ఉందన్నారు. నూకరత్నం బయటికొచ్చింది. ఇంకొన్నాళ్లలో సుంకరవారింట్లో పెళ్లి. ఆ సీజనులో అదే పెద్దది. పొట్టు ఇస్తానని ఆ ఇల్లాలికి చేతిలో చెయ్యివేసి మాటిచ్చింది. మాట తప్పితే మళ్లీ ఏడు ఆవిణ్ణి ఎవరూ పిలవరు. గేటు పక్కన గోనెపట్టా ఇంకెవరో పరుచుకుంటారు.

సరిగ్గా అప్పుడే మండలి వార్షికోత్సవం వచ్చిపడింది. రాజధాని నుంచి అధ్యక్షులవారు వస్తున్నారు. ఆయనకి పనసపొట్టు కూరంటే ప్రాణమని ముందే కబురొచ్చింది. ఆవ పెట్టిన పనసపొట్టు లేకపోతే ఆయన గోదావరి దాటి ఈవలికి రావడమే దండగనుకుంటారట.

సర్వోత్తమరావుగారు ఊరంతా గాలించారు. కాయలు బోలెడు. కొట్టడానికి కత్తి లేదు. ఉన్న కత్తులన్నీ గుడ్డల్లో ముద్రల కింద పదును నిలుపుకుంటున్నాయి. వాటిలో ఏది విప్పినా పథకం మొదటికొస్తుంది. నూకరత్నం వాటా కత్తి గాజుపెట్టెలోనే ఉంది గనక ముద్ర తప్పించుకున్న పాత కమానుపట్టీ కత్తి ఆవిడ దగ్గర ఉంది గానీ అది అప్పటికి వెన్న కూడా కొయ్యలేని స్థితిలో ఉంది. ఎంత లెక్కలేసినా ఊళ్లో పనికొచ్చే కత్తి గాజుపెట్టెలోది ఒక్కటే.

మనిషిని పంపి నూకరత్నాన్ని పిలిపించారు. "చూడమ్మా, ఒక్క కాయ. జాగ్రత్తగా కొట్టు. పదునుకి ఏమాత్రం భంగం రాకూడదు."

"భంగం రాకుండా మీరే కొట్టుకోండి. నేను కొడితే మాత్రం భంగం వచ్చేదాకా కొడతాను. ముందే చెప్తున్నాను" అంది నూకరత్నం. ఆవిడ ఆశల్లా, కాయ మీద కాయ కొట్టి, అధ్యక్షుల కళ్లెదుటే కత్తిని మందగింపజేసి, అక్కడికక్కడే పట్టుకెళ్లిపోవాలని.

సభ మొదలైంది. గడ్డాలతో గుమాస్తాలందరూ ఋష్యాశ్రమంలో లాగ వరసగా నించున్నారు. కత్తి విశిష్టత గురించి సర్వోత్తమరావుగారు చాలాసేపు మాట్లాడారు. "ఇన్ని వారాలుగా ఈ ఆయుధం తన పదునులో వెంట్రుకవాసి కూడా కోల్పోకుండా జాతి గౌరవాన్ని నిలబెట్టినదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను" అన్నారు. అధ్యక్షులవారు ఆకలి మీద ఉన్నారు. మొదటి వేటు తానే వేసి ప్రారంభిస్తానని లేచారు. ప్రారంభించకుండా ఏదీ జరగని చోట అది సహజమే.

బల్ల మీద పనసకాయ పెట్టారు. అది గుండ్రటి కాయ, నిలబడదు. ఫోటో తీసేటప్పుడు దొర్లిపోతే బాగుండదని బుల్లబ్బాయి తెల్లవారుజామున ఒక ఉపాయం చేశాడు. బల్లచెక్కకి కింది నుంచి పడవలకి కొట్టే పెద్ద మేకు దిగ్గొట్టి, కాయని దాని మీద గుచ్చి నిలబెట్టాడు. పైకి ఏమీ కనపడదు. కాయ దేవుడి విగ్రహంలా కదలకుండా కూర్చుంది.

అధ్యక్షులవారు కత్తి రెండు చేతులతో ఎత్తారు. కెమెరా వైపు చూసి నవ్వారు. ఆ నవ్వుతోనే దించారు.

టింగుమంది.

గుడిలో గంట కొట్టినట్టు ఆ శబ్దం హాలంతా తిరిగొచ్చింది. కాయ సగానికి చీలింది. కత్తి బయటికి తీసి చూస్తే అంచు పొడుగునా, చిన్నపిల్లల పాలపళ్లలా, ముక్కలు ముక్కలుగా రాలిపోయి ఉంది. అంత గట్టి ఉక్కు వంగదు, తిరగదు. విరుగుతుంది.

సర్వోత్తమరావుగారు బల్ల అంచు పట్టుకున్నారు. భద్రాచారి జనంలో వెనక్కి జరిగాడు. నూకరత్నం ఒక్కతే ముందుకొచ్చింది.

"మొద్దుబారిందండి. నా కత్తి నాకిచ్చెయ్యండి."

సంచాలకులు గొంతు సవరించుకున్నారు. "తొందరపడకమ్మా. ఇది మొద్దుబారడం కాదు. పదును ఒకచోటి నుంచి అనేక చోట్లకి వికేంద్రీకరింపబడినది. తదుపరి పరీక్ష జరిగే వరకు—"

"అయితే పరీక్ష చెయ్యండి. సోమారమే కదా ఇవాళ."

సోమవారమే. అధ్యక్షులవారు తలూపారు. బుల్లబ్బాయికి చెయ్యి చాపక తప్పలేదు. ఫాల్గుణం ఆఖరికి వస్తుందన్న పంట నిజంగానే వచ్చి, మళ్లీ నల్లగా నిగనిగలాడుతోంది. కత్తి ఆనించి లాగారు. ఆ పళ్లంచు ఒక్కొక్క వెంట్రుకనీ విడివిడిగా పలకరించుకుంటూ పోయింది. నూకరత్నం ఎన్నిసార్లు బతిమాలినా అనని మాట బుల్లబ్బాయి అప్పుడు అన్నాడు. ఒక్కసారి కాదు, కత్తి వున్నంత పొడుగునా అన్నాడు.

పథకం అక్కడితో కూలిపోయిందని అందరూ అనుకున్నారు. అధ్యక్షులు ఊరికే అధ్యక్షులు కారు.

"అభినందనలు" అన్నారాయన. "ఈ కత్తి పదును ఎప్పుడు పోతుందని మనం ఇన్నాళ్లుగా పరిశోధిస్తున్నామో, దానికి ఇవాళ జవాబు దొరికింది. ఇవాళే. ప్రయోగం సంపూర్ణంగా విజయవంతమైనదని ప్రకటిస్తున్నాను. ఇక భోజనాలు."

చప్పట్లు మోగాయి. సర్వోత్తమరావుగారికి శాలువా కప్పారు. నూకరత్నానికి కత్తి ఇచ్చారు. ఆవిడ ఆ పళ్లంచు చూసి ఒక్కసారి నిట్టూర్చి, దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. సంచిలోంచి పాత కమానుపట్టీ కత్తి తీసింది. బయటికి నడిచి, మండలి మెట్ల మీద గొంతుక్కూర్చుని, మూడో మెట్టు అంచు మీద నీళ్లు చిలకరించి, కత్తిని రుద్దడం మొదలెట్టింది. ఆ మెట్టు రాయి సరిగ్గా కావలసినంత గరుకని ఆవిడకి ఎలా తెలుసో ఇప్పుడు అడక్కండి.

శాలువాతోనే సంచాలకులవారు గుమ్మంలోకి వచ్చారు. "ఏమిటది? సానరాళ్లు నిషేధించాం కదా?"

"రాయి కాదండి. మెట్టండి."

సర్వోత్తమరావుగారు ఆలోచించారు. సానరాళ్లు మండలి కిందకి వస్తాయి. మెట్లు భవనాల శాఖ కిందకి వస్తాయి. వేరే శాఖవారి మెట్టు మీద ఏం జరుగుతోందో చూడటం మర్యాద కాదు. ఆయన ఇటు తిరిగి లోపలికి వెళ్లిపోయారు.

నాలుగు రుద్దులు, రెండు వైపులా. మెత్తటి ఉక్కు కదా, ఇట్టే పదునెక్కింది. ఆవిడ మేకు చుట్టూ తప్పించుకుంటూ కాయ కొట్టింది, ఇంకో కాయ కొట్టింది, మెట్టు మీద మళ్లీ రుద్దింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఆ మధ్యాహ్నం అధ్యక్షులవారు మూడుసార్లు మారు వడ్డించుకున్నారు. ఎదర వచ్చిన సుంకరవారి పెళ్లికి కూడా నూకరత్నం ఆ మెట్టు మీద రుద్దిన కత్తితోనే మాట నిలబెట్టుకుంది. వాపు మాట అంటారా, మెట్టు మంచి ఎత్తులో ఉండటాన వంగక్కర్లేకపోయేసరికి అదీ కాస్త తగ్గింది.

అంచు విరిగిన కత్తిని భద్రాచారి దగ్గరకి పట్టుకెళ్లింది. "మళ్లీ పదును పెట్టివ్వండి ఆచారిగారూ."

ఆయన సానరాయి మీద పెట్టి రుద్దాడు. రాయి అరిగింది. ఇంకో రాయి తెచ్చాడు. అదీ అరిగింది. మీరు గుర్తుపెట్టుకున్న ఆ చక్రం వెల్డింగు షాపువాడికి కూడా గుర్తుంది, కొత్త చక్రం ఉన్నా ఆ కత్తికి ఇవ్వనన్నాడు. భద్రాచారి చేసిన కత్తికి మళ్లీ రాయి చూపించక్కర్లేదని మొదట్లో నేను గొప్పగా చెప్పాను కదా. వెనక్కి తీసుకుంటున్నాను. చూపించక్కర్లేదు కాదు, చూపించినా లాభం లేదు. చేసినవాడి వల్లే కాలేదు. ఈగ సంగతి కూడా అంతే. అది కత్తి మీద వాలింది, కాళ్లు తుడుచుకుంది, ఒక్క ఈగలానే ఎగిరిపోయింది.

ఆఖరికి భద్రాచారి ఆ కత్తి తనే ఉంచేసుకుని, బదులుగా నూకరత్నానికి మంచి కమానుపట్టీ కత్తి ఇంకోటి చేసిచ్చాడు. పళ్లు లేచిన ఆ అంచుతో ఇప్పుడు ఇనపకడ్డీలు కోసుకుంటున్నాడు. బ్రహ్మాండంగా కోస్తోందట. రంపంగా పుట్టింది, కొన్నాళ్లు కత్తిగా ఉద్యోగం చేసింది, రంపంగా స్థిరపడింది.

మార్కెట్టులో ముద్రలు ఊడిపోయాయి. సత్యంబాబు గడ్డాలన్నీ గీసేసరికి రెండు వారాలు పట్టింది. కోళ్లు మాత్రం కొన్ని ఇంకా ఆ ఇళ్లలోనే ఉన్నాయి. పిల్లలు ఒప్పుకోలేదు.

ఇక ఒక మాట మిగిలింది. ఇదంతా నేను అల్లానని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. రోమ సహాయకుడి ఉద్యోగం అబద్ధమంటే బుల్లబ్బాయి నొచ్చుకుంటాడు, ఆ హోదాతోనే రిటైరయ్యాడు. గడ్డాలు నిజం. మేకు నిజం. ఎలుగుబంటి జవాబు కూడా నిజమే. ఈగ కాక నేను కల్పించింది ఇంకొక్కటే, నూకరత్నం వెళ్లినప్పుడల్లా సంచాలకులవారు కుర్చీ వేయించారన్నాను చూడండి, అది. మండలి మర్యాద కోసం పెట్టాను. ఎవరూ కుర్చీ వెయ్యలేదు. లోపలికి రమ్మనే దాకా ప్రతిసారీ ఆవిడ ఆ మూడో మెట్టు మీదే కూర్చుంది, గంటలకి గంటలు, అరచేత్తో ఆ రాయి నిమురుకుంటూ. కుర్చీలో కూర్చున్న మనిషికి మెట్టు గరుకు ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మార్కెట్టులో కత్తులున్న వాళ్లందరూ అక్కడే రుద్దుకుంటారు. మెట్టు మధ్యలో చక్కగా పల్లం పడింది.